పసుపు బటన్, మాయమైన పెళ్ళి పేజీలు

“యాదగిరీ, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఉన్న నేరస్థులందరికీ ఇదే నా తుది హెచ్చరిక. ఈ రాజారావు కళ్ళు తెరిచి ఉన్నంతకాలం వాళ్ళ కంటి మీద కునుకు ఉండదు. నాది మామూలు మెదడు కాదు. చట్టం చేతిలోని వజ్రాయుధం.”

ఈ ప్రకటన జరిగే సమయానికి యాదగిరి ఎవరిదో రేషన్ కార్డు జిరాక్సు తీస్తున్నాడు. దుకాణంలో నేరస్థులెవరూ లేరు. కార్డు తెచ్చిన ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన కొంచెం జంకి, చేతికొచ్చిన కాగితం తీసుకొని, ఇంకో కాపీ కావాలన్న సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

“ఒక గిరాకి పాయె,” అన్నాడు యాదగిరి.

“మొహం చూసినవా? ఏదో దాస్తాండు.”

“పళ్ళు లేవన్నా ఆయనకు. గందుకే మూతి గట్లుంటది.”

రాజారావు ముప్పై ఒక్క ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. ఆ మర్నాటి నుంచే ఆయనకు ఏమీ తోచలేదు. నడిచే బస్సు ఆపి, ఎక్కి, ఎవరి మొహం పాలిపోతుందో చూడటం తప్ప ఆయనకు మరో వ్యాపకం లేదు. ఆ వ్యాపకాన్నే కాస్త సాగదీసి డిటెక్టివ్ అయ్యాడు. “రాజారావు, అపరాధ పరిశోధకుడు, మేడ్చల్” అని కార్డులు కొట్టించుకుంటే, వాటికి లామినేషన్ చేసి ఇచ్చింది యాదగిరే. అప్పట్నుంచి రోజూ బస్సులో శామీర్‌పేట వచ్చి, కరీంనగర్ రోడ్డు మీదున్న యాదగిరి జిరాక్సు దుకాణంలో ఒక స్టూలు ఆక్రమించి, అదే తన ఆఫీసంటున్నాడు.

ఇప్పటికి ఆయన తేల్చిన కేసులు రెండు. మొదటిది తప్పిపోయిన బర్రె. రాజారావు దాని అడుగుజాడలు కొలుచుకుంటూ పోతుంటే, అది పాలు పిండే వేళకు తనంతట తానే ఇంటికొచ్చి నిలబడింది. రెండోది గుడి ముందర పోయిన చెప్పులు. మూడు రోజుల పరిశోధన తర్వాత అవి రాజారావు కాళ్ళకే దొరికాయి.

ఈ రెండు కేసుల్లోనూ ఆయన వెంట తిరిగినవాడు యాదగిరే. కాదనడం అతనికి చేతకాదు. దైవభక్తుడు. ప్రతి సోమవారం కీసరగుట్ట ఎక్కి దండం పెట్టుకుంటాడు. “స్వామీ, ఓపిక ఇయ్యమని మొక్కిన మాట నిజమే. ఇచ్చినవ్. గని ఇచ్చిన ఓపికంతా ఒక్క మనిషి మీదనే వాడమంటివి. గిదేం న్యాయం?” అని మెల్లగా అడిగి వస్తుంటాడు. స్వామి ఇంకా జవాబు చెప్పలేదు.

అది రెండు వేల ఆరు, మాఘమాసం. పెళ్ళిళ్ళ సీజను. ఆ పొద్దున పక్క ఫోటో స్టూడియోలోంచి జనార్ధన్ అరుపు వినిపించింది. జనార్ధన్ నెమ్మదైన మనిషి. పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నవాళ్ళను “నవ్వకుండ్రి” అని కూడా గట్టిగా అనడు.

“మళ్ళ పోయినయా? మొన్న అయిదు పేజీలు, నిన్న ఆరు. ఎట్ల పోతయ్ ఫర్హత్? రెక్కలొచ్చినయా వాటికి?”

రాజారావు స్టూలు మీంచి లేచాడు. ముక్కుపుటాలు ఎగరేశాడు. “నేరం వాసన.”

“లామినేషన్ మిషిన్ వేడైందన్నా. ప్లాస్టిక్ వాసన.”

ఆ మాట చెప్పేసరికి రాజారావు స్టూడియో గుమ్మంలో ఉన్నాడు. యాదగిరి మిషన్ ఆపి వెనకాలే పోయాడు.

లోపల కంప్యూటర్ పక్కన ఫర్హత్ నిలబడి ఉంది. అలియాబాద్ అమ్మాయి. రెండేళ్ళుగా జనార్ధన్ దగ్గర పెళ్ళి ఆల్బంలు చేస్తోంది. ఫోటోలు కంప్యూటర్లో పేర్చి, చుట్టూ పూలూ తీగలూ అమర్చి పేజీ తయారు చేయడంలో ఆ అమ్మాయికి మంచి చేయి. ఫోటో కోసం వచ్చిన ఇద్దరు గిరాకీలు గోడకు అతుక్కుని చూస్తున్నారు. గుమ్మం దగ్గర కుర్చీలో జనార్ధన్ తల్లి బాలమణి పూలు గుచ్చుతోంది.

సంగతి ఇది. కీసరలో ప్లాట్ల వ్యాపారం చేసే శ్రీనివాస్ ఇంటి పెళ్ళి ఆల్బం ఆదివారానికి ఇవ్వాలి. ఆ రోజు పెళ్ళికూతురికి ఒడిబియ్యం పోస్తారు, చుట్టాలందరూ వస్తారు, అందరూ ఆల్బం చూడాలి. నలభై పేజీలు. పగలంతా గిరాకీలతో పని సాగదు. దీపాల వేళకు దుకాణం కట్టేస్తారు. అందుకని ఫర్హత్, ఫోటోలున్న హార్డ్ డిస్క్‌ను సాయంత్రం వెంట తీసుకుపోతుంది. అది అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. స్టూడియోలో అందరూ డబ్బా అనే అంటారు. ఇంట్లో తన పాత కంప్యూటర్ మీద మరికొన్ని పేజీలు చేసి, పొద్దున డబ్బా తెచ్చి మళ్ళీ ఇక్కడ తగిలిస్తుంది. తగిలించి చూస్తే ఇక్కడ చేసిన పేజీలు ఉంటున్నాయి. ఇంటి దగ్గర చేసినవి ఉండటం లేదు.

“చేసిన అన్నా. ఆరు చేసిన,” అంది ఫర్హత్.

“చేస్తే ఏవి? సుచిత్ర చౌరస్తల కొత్త స్టూడియో అద్దంల మన నెమళ్ళ డిజైనే పెట్టిండ్రు. నా కండ్లతోటి చూసిన. మన పేజీలు అక్కడికి పోతున్నయ్. దీన్ని దొంగతనం అనక ఏమంటరు?”

గోడకున్న గిరాకీలు ఫర్హత్ వైపు తిరిగారు. ఆ అమ్మాయి చున్నీ సర్దుకుని, “నెమళ్ళు నేను గీసినయి కావు. డిజైన్ల సీడీ కోఠిల ఎవలన్న కొనుక్కోవచ్చు,” అంది.

“రేపు పొద్దునదాక చూస్త. రేపు గూడ గిట్లనే అయితే ఇగ రాకు.”

అప్పుడు రాజారావు గది మధ్యలోకి నడిచి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “ఈ కేసు నేను స్వీకరిస్తున్నాను. ఎవరూ ఊరు విడిచి వెళ్ళరాదు.”

“నేను కండక్టరు పని చేస్త సార్,” అన్నాడు గిరాకీల్లో ఒకడు. “ఊరు విడవకుంటే ఎట్ల?”

రాజారావు అతనికి ప్రత్యేక అనుమతి ఇచ్చి, విచారణ మొదలుపెట్టాడు.

“నీ పేరు?”

“ఫర్హత్. మీకు రోజు చాయ్ పోస్త గద అంకుల్.”

“ఆ పేజీలను ఆఖరుసారి ప్రాణాలతో ఎప్పుడు చూశావు?”

“నిన్న, ఇంటి దగ్గర. చేసి, డబ్బాల దాసిన.”

“దాచినట్టు తానే ఒప్పుకుంది. రాసుకో యాదగిరీ.”

“సేవ్ చేసుడన్నట్టు అన్నా,” అన్నాడు యాదగిరి.

“ప్రతి రోజూ పోతున్నాయా?”

ఫర్హత్ కాసేపు ఆలోచించింది. “లేదు. పోయిన గురువారం పోలే, సోమవారం పోలే. ఆ రెండు రోజులు ఇక్కడ కరెంటు బందైంది. యూపీఎస్ ముసలిదైంది, పది నిమిషాలు గూడ ఆగది. కరెంటు పోయిన రోజు నా పేజీలు మంచిగనే ఉంటున్నయ్.”

రాజారావు కళ్ళు మెరిశాయి. “అంటే దొంగకు చీకటంటే భయం. కరెంటు ఉంటేనే వస్తాడు. లేదా కరెంటు ఎప్పుడు పోతుందో ముందే తెలిసినవాడు. లైన్‌మన్.”

“లైన్‌మన్‌కు పెళ్ళి ఫోటోలెందుకన్నా?”

“అదే తేలాలి. దుకాణం కట్టేటప్పుడు ఎవరెవరు ఉంటారు?”

“నేనుంట,” అంది బాలమణి, పూల మీంచి కళ్ళు ఎత్తకుండా. “దీపం ముట్టించి, ఊదుబత్తి తిప్పి, మిషిన్‌ను పండబెడ్తం.”

“పండబెడతారా?”

“మరి సంపుతమా? తెర మీద మూడు బిళ్ళలొస్తయ్. ఎర్రదొకటి, పసుపుదొకటి, ఆకుపచ్చదొకటి. ఎర్రది నొక్కితే మొత్తానికే బందు. దసరా నాడు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన మిషిన్ అది. మాకు అన్నం పెడ్తాంది. దీపాలు పెట్టినంక దాన్ని బందు చెయ్యి, ఆర్పెయ్యి అని ఎట్లంటం? పసుపుది నొక్కితే సల్లగ పండుకుంటది. పొద్దున మీట ముట్టుకుంటే లేస్తది. దసరా సంది నా మిషిన్‌ను ఎర్ర బిళ్ళ ముట్టనియ్యలే.”

“ఎరుపు గూడ కుంకుమ రంగే గదమ్మా,” అన్నాడు యాదగిరి, నిజంగానే తెలుసుకుందామని.

బాలమణి అతని వైపు జాలిగా చూసింది. “కుంకుమ బొట్టు నడుమ గీత ఉంటదా బిడ్డా? ఆ బిళ్ళ మీద ఉన్నది.”

యాదగిరి ఒప్పుకున్నట్టు తల ఊపాడు. రాజారావు మాత్రం ఈ వాంగ్మూలం కేసుకు సంబంధం లేనిదని కొట్టేశాడు.

సాయంత్రం అయిదున్నరకు ఇద్దరూ జిరాక్సు దుకాణంలోంచి నిఘా వేశారు. బాలమణి దీపం పెట్టింది. ఫర్హత్ పసుపు బిళ్ళ నొక్కింది. తెర నల్లబడింది. డబ్బా తీగ ఊడదీసి, డబ్బాను సంచిలో వేసుకుని బస్టాపు వైపు నడిచింది.

“వెంబడిద్దాం,” అన్నాడు రాజారావు. “మారువేషంలో.”

యాదగిరి దుకాణం వెనక తెర చాటున రాజారావు ప్యాంటు చొక్కా విప్పి మేకుకు తగిలించి, యాదగిరి పూజ ధోవతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టి, భుజాన గోనెసంచి వేసుకుని రైతులా తయారయ్యాడు. కళ్ళజోడు మాత్రం తీయలేదు, తీస్తే బస్సు కనబడదు. ఇద్దరూ ఫర్హత్ ఎక్కిన బస్సే ఎక్కి వెనక సీట్లో కూర్చున్నారు. కండక్టరు వస్తే యాదగిరి తన టికెట్ తీసుకున్నాడు. రాజారావు అలవాటుగా “పాస్” అన్నాడు.

రెండు స్టాపుల తర్వాత తనిఖీ వాళ్ళు ఎక్కారు.

“టికెట్ చూపియ్ కాకా.”

రాజారావు నడుం తడుముకున్నాడు. రిటైరైన ఉద్యోగుల పాసు ప్యాంటు జేబులో ఉంది. ప్యాంటు శామీర్‌పేటలో మేకుకు ఉంది. మెల్లగా రుమాలు జరిపి, “నేనోయ్, రాజారావును,” అన్నాడు. “నీకు ఈ పని నేర్పింది నేను.”

తనిఖీ అతను వంగి చూశాడు. గుర్తుపట్టాడు. పాపం, మొహం ఎర్రబడింది. “మీరే సార్ నేర్పిండ్రు. ఎవరి మొహమైన ఒకటే, మొహం చూడకు, టికెట్ చూడు అని. మరి ఇప్పుడు నన్నేం జేయమంటరు?”

జరిమానా యాదగిరి కట్టాడు. బస్సంతా నవ్వుతోంది. ముందు సీట్లోంచి ఫర్హత్ కూడా వెనక్కి తిరిగి చూసి నవ్వింది. ఆ రోజు ఆ పిల్ల మొహాన నవ్వు కనపడటం అదే మొదలు అనుకున్నాడు యాదగిరి, జరిమానా అంత బాధ అనిపించలేదు.

అలియాబాద్‌లో దిగాక ఆ అమ్మాయే వీళ్ళ కోసం ఆగింది. “చాటుంగ ఎందుకు కాకా? ఇంటికే రండి. అబ్బా గూడ ఉన్నడు.”

వాళ్ళ నాన్న షౌకత్ ద్రాక్షతోట కౌలుకు చేస్తాడు. ఇంటి ముందర గంపల్లో ద్రాక్షలు సర్దుతున్నాడు. యాదగిరిని చూసి మంచం వాల్చాడు గాని ఎప్పటిలా నవ్వలేదు.

“కూసోండి భాయ్. తినుండ్రి.”

రాజారావు ఒక గుత్తి అందుకుని, నమూనాలు పరీక్షించాలన్నాడు. పరీక్ష చాలాసేపు సాగింది. గంపలో సగం నమూనాలైపోయాయి.

యాదగిరి లోపలికి వెళ్ళి ఫర్హత్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి డబ్బా తగిలించి పని మొదలుపెట్టింది. పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తున్న ఫోటో పెద్దది చేసింది. అప్పగింతల్లో, గుంపు వెనక నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న ఒక ముసలామె ఎక్కడో మూలన ఉంటే, వెతికి పట్టుకుని, ఆమెను వేరుగా తీసి, చిన్న గుండ్రటి చట్రంలో పెట్టింది.

“ఆమె ఎవరు బిడ్డా?”

“తెల్వదు కాకా. అవ్వ అయ్యుంటది. అందరు కెమెరా దిక్కు చూస్తున్నరు. ఈమె ఒక్కతే పిల్ల దిక్కు చూస్తాంది.”

యాదగిరి స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. పెళ్ళి వాళ్ళెవరో ఈ పిల్లకు తెలియదు, ఆ ముసలమ్మ ఎవరో తెలియదు. అయినా ఇంత చూసింది. ఇలాంటి చేతికి దొంగతనం అంటగట్టడానికి ఒక మనిషికి ఎంతసేపు పట్టింది? యాదగిరి మనసులోనే లెక్క వేశాడు, నిమిషం కూడా పట్టలేదు. గంటన్నరలో అయిదు పేజీలు అయ్యాయి. అయిదూ డబ్బాలోకి ఎక్కడం కళ్ళారా చూశాడు.

బయటికొచ్చేసరికి షౌకత్ గంపకు గోనె కుడుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. “యాదగిరి భాయ్, నా బిడ్డను నలుగుర్ల దొంగ అన్నడంట జనార్ధన్. పదేండ్ల సంది ఆయన దుకాణంల మా ఇంటి ఫోటోలు దిగుతున్న. రేపు పొద్దున నేను గూడ వస్త. తేలితే మంచిది. తేలకపోతే పిల్లను తీస్కొని వస్త. ఇగ ఏ దుకాణానికి గూడ పంప. ఆమెకు మస్తు ఇష్టం గా పని. అయినా పంప.”

లోపల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. వింటోందని యాదగిరికి తెలిసింది.

రాజారావు ఆఖరి ద్రాక్ష మింగి లేచాడు. “డబ్బా ఇకనుంచి చట్టం కాపలాలో ఉంటుంది.” దాన్ని అట్టపెట్టెలో పెట్టి, నాలుగు వైపులా టేపు చుట్టి, టేపు మీద తాను సంతకం చేసి, యాదగిరితో చేయించి, చివరికి షౌకత్‌తో కూడా చేయించాడు. యాదగిరి ఆ పెట్టెను ఇంటికి తీసుకుపోయి దేవుడి అరలో పెట్టాడు. దండం పెట్టుకునేటప్పుడు ఈసారి ఓపిక అడగలేదు. “ఆ పిల్ల చేసింది నేను చూసిన. నువ్వు గూడ చూసినవ్. రేపు పొద్దున మాట మార్చకు స్వామీ,” అన్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదికి స్టూడియోలో అందరూ చేరారు. షౌకత్ లోపలికి రాలేదు. రోడ్డు మీదే, గుమ్మానికి ఎదురుగా, సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. యాదగిరి పెట్టె తెచ్చాడు. టేపు చెక్కుచెదరలేదని రాజారావు భూతద్దంతో చూసి ధ్రువీకరించాడు. ఫర్హత్ డబ్బా తీసి కంప్యూటర్‌కు తగిలించింది. కంప్యూటర్ ఇంకా నిద్రలోనే ఉంది. దాని మూలన చిన్న కరెంటు దీపం మిణుకుమిణుకుమంటోంది. ఫర్హత్ లేపడానికి వేలు చాపింది.

“ఆగు,” అన్నాడు రాజారావు. “దాన్ని ముట్టుకోకముందే నేరస్థుడి పేరు చెబుతాను.”

గది మధ్యలో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేశాడు. “ఇది సామాన్యమైన నేరం కాదు. తలుపు పగలగొట్టలేదు. పెట్టె తెరవలేదు. వేలిముద్రలు లేవు. కరెంటు ఉన్న రోజే జరుగుతుంది, లేని రోజు జరగదు. పేజీలు ఇక్కడివి ఉంటాయి, అక్కడివి పోతాయి. ఎవరు? ఎవరీ అదృశ్య హస్తం? మీరంతా అనుకుంటున్నారు, రాజారావుకు తెలియదని.”

“అవును,” అంది బాలమణి.

“తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం చెబుతోంది. ఆ నేరస్థుడు ఈ క్షణంలో ఈ గదికి చాలా దగ్గరలో ఉన్నాడు. అతను మరెవరో కాదు,” అంటూ చెయ్యి పైకెత్తి, అందరి మొహాలూ ఒక్క చూపులో అందేలా రెండడుగులు వెనక్కి వేశాడు.

మూడో అడుగు తీగలో పడింది. రాజారావు కాలు విడిపించుకోబోయి ఇంకా చుట్టుకున్నాడు. గోడకున్న ప్లగ్గు ఊడి వచ్చింది. ప్లగ్గుతో పాటు ముసలి యూపీఎస్ పక్కకు ఒరిగి ఒకసారి కూసి ఊరుకుంది. రాజారావు వెల్లకిలా పడ్డాడు. కంప్యూటర్ మూలనున్న చిన్న దీపం ఆరిపోయింది.

“అయ్యో, ఆర్పేసిండు,” అంది బాలమణి. చేతిలో పూలు జారిపోయాయి. “దసరా సంది ఆరకుండ కాపాడుకున్న.”

“కరెంటు పోయినప్పుడు ఆరుతనే ఉందమ్మా,” అన్నాడు జనార్ధన్ మెల్లగా.

“అది దేవుడు ఆర్పుడు. ఇది మనిషి ఆర్పుడు.”

యాదగిరి రాజారావును లేపి కూర్చోబెట్టాడు. జనార్ధన్ ప్లగ్గు పెట్టి కంప్యూటర్ వేశాడు. అది మామూలుగా తెరుచుకోలేదు. తెర నీలంగా మారి, తెల్లటి అక్షరాలు బారులు కట్టాయి. సరిగ్గా ఆపకుండా కరెంటు పోయినప్పుడల్లా ఆ నీలం తెర వస్తుంది, తన దగ్గరున్న డబ్బాలన్నీ ఒకసారి తనిఖీ చేసుకుంటానంటుంది. ఎప్పుడూ జనార్ధన్ తొందరలో ఏదో మీట నొక్కి దాన్ని దాటించేస్తాడు. ఈసారి అతని రెండు చేతులూ తల్లిని సముదాయించడంలో ఉన్నాయి. ఎవరూ ఏమీ నొక్కలేదు. తనిఖీ నిదానంగా, చివరిదాకా నడిచింది.

కంప్యూటర్ తెరుచుకున్నాక ఫర్హత్ డబ్బాలో చూసింది. కుర్చీ దగ్గరగా లాక్కుని మళ్ళీ చూసింది.

“ఏమాయె?” అన్నాడు జనార్ధన్.

“నిన్నటి అయిదు ఉన్నయ్.” ఇంకేదో తెరిచింది. “ఇంకో ఫోల్డర్ కొత్తగ వచ్చింది. దొరికినవి అని రాసుంది. పేర్లు అన్ని పోయినయ్, అంకెలున్నయ్.” ఒకదాన్ని తెరిచింది. నెమళ్ళ పేజీ. ఇంకోటి తెరిచింది. మొన్నటిది. వరుసగా పదకొండు.

యాదగిరి కళ్ళు మూసుకుని కీసరగుట్ట ఉన్న దిక్కుకు ఒక నమస్కారం పెట్టాడు.

“కేసు పరిష్కారమైంది,” అన్నాడు రాజారావు నేల మీది నుంచే.

“ఎట్ల?” అన్నాడు జనార్ధన్.

“అది వృత్తి రహస్యం.”

ఫర్హత్ తెర వైపే చూస్తూ, తనలో తాను లెక్క కట్టుకుంటున్నట్టు మాట్లాడింది. “కరెంటు పోయిన రోజు పేజీలు పోతలేవు. ఇయ్యాల గూడ కరెంటు పోయింది, పేజీలున్నయ్. కరెంటు ఉన్న రోజు ఇది రాత్రంత పండుకొని, పొద్దున లేస్తది. అంటే, పండుకొని లేసిన రోజే పోతున్నయ్.” ఇటు తిరిగింది. “అన్నా, తీసుకుపోయింది ఎవరు గాదు. ఈ మిషినే. పండుకునేటప్పుడు డబ్బాల ఏమేం ఉన్నయో జాబితా అంత మనసుల పెట్టుకొని పండుకుంటది. అది నిద్రల ఉండగ నేను డబ్బా తీస్కపోయి కొత్త పేజీలు వేస్తున్న. పొద్దున తెచ్చి పెడ్తున్న. డబ్బా ఊరికి పోయొచ్చిన సంగతి దీనికి తెల్వది. లేసి, నిన్నటి జాబితానే డబ్బా మీద మళ్ళ రాసేస్తాంది. నా పేజీలు దాంట్ల లేవు. లేవు గనుక లేనట్టే చేస్తాంది. పేజీలు మాత్రం డబ్బాలనే పడి ఉన్నయ్, ఇయ్యాల నీలం తెర తనిఖీ వాటిని ఏరి తీసింది. కరెంటు పోతే దాని జాబితా గూడ పోతది, అప్పుడు డబ్బాను కొత్తగ చూసుకుంటది.”

యాదగిరి అన్నాడు, “మరి పండబెట్టే ముందు డబ్బా తీస్తున్నట్టు దానికి చెప్పొచ్చు గద బిడ్డా?”

“చెప్పొచ్చు. కింద మూలకు ఆకుపచ్చ బాణం గుర్తు ఉంటది. అది నొక్కితే డబ్బా లెక్కంత అప్పజెప్పి ఇడుస్తది. ఎవ్వరు నొక్కరు కాకా. నేను గూడ నొక్కలే. తీగ గుంజితే వస్తది గద అని.”

బాలమణి కుర్చీలోంచి లేచి కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. మొహం చాలా గంభీరంగా ఉంది.

“అంటే ఉద్వాసన చెప్పకుండ తీస్తున్నరా?”

ఆ మాట అక్కడున్న అందరికీ ఒక్కసారే అర్థమైంది. వినాయకచవితి తర్వాత విగ్రహాన్ని నిమజ్జనానికి తీసే ముందు ఉద్వాసన చెప్పి, కాస్త కదిపి, అప్పుడు గదా ఎత్తుతారు. చెప్పకుండా ఎత్తిన ఇల్లు ఆ వాడలో ఒక్కటి లేదు.

“ఇన్నొద్దుల సంది పండబెడ్తున్న అనుకున్న,” అంది బాలమణి. “చేతుల వస్తువు పట్టుకొని పండుకున్నదాని చేతులకెళ్ళి గుంజుకుంటున్నం. అది లేసి ఆగమైతాంది. దాన్నేమంటం. తప్పు మనది.” ఒక్క క్షణం ఆగి కొడుకు వైపు తిరిగింది. “తప్పు పిల్లది గాదురా జనా.”

జనార్ధన్ కెమెరా బెల్టు చేతిలో నలుపుతున్నాడు. గుమ్మంలోంచి షౌకత్ కనిపిస్తున్నాడు. అతను మాటలు వినలేదు గాని మొహాలు చూశాడు. జనార్ధన్ మెట్లు దిగి రోడ్డు మీదకు వెళ్ళాడు. యాదగిరి, ఏమంటాడో విందామని కాదు గాని, గుమ్మం దాకా నడిచాడు.

“షౌకత్ భాయ్, పేజీలన్ని దొరికినయ్. నాదే తప్పు. మనసుల పెట్టుకోకు.”

షౌకత్ సైకిల్ హ్యాండిల్ వదల్లేదు. “నాతోటి చెప్తవేంది భాయ్? నువ్వు నన్ను అన్లే గద.”

జనార్ధన్ వెనక్కి వచ్చాడు. లోపల అప్పటికే ముగ్గురు గిరాకీలు పోగయ్యారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామా అని అతని మొహంలో ఒక ఆలోచన వచ్చినట్టు యాదగిరికి అనిపించింది. నిన్న అన్నప్పుడు ఎవరూ పోయేదాకా ఆగలేదు గదా అని కూడా అనిపించింది. బహుశా జనార్ధన్‌కూ అనిపించి ఉంటుంది.

“ఫర్హత్,” అన్నాడు, అందరికీ వినబడేలాగా. “నిన్ను దొంగ అన్న. అనొద్దుండె. అడగకుండనే అనేసిన. తప్పైంది తల్లీ.”

ఫర్హత్ చున్నీ కొనతో కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది. “సరే అన్నా,” అంది చివరికి. “ఈ అంకెల ఫైళ్ళకు పేర్లు పెట్టాలె. ఆదివారం దాక ఇంట్లనే కూసొని చేస్త. ఇక్కడ నాకు ఇయ్యాల మనసు ఒప్పుతలేదు. సోమవారం వస్త.”

“వస్తవు గద?”

“వస్త అన్న గద.”

“తీస్కపో, తీస్కపో,” అన్నాడు జనార్ధన్, ప్రాణం లేచి వచ్చినవాడిలా. ఆ సంతోషంలో చెయ్యి చాపి డబ్బా తీగ పట్టుకుని గుంజబోయాడు.

“ముట్టకు,” అన్నారు బాలమణి, ఫర్హత్, యాదగిరి ఒకే గొంతుతో. గిరాకీలు కూడా రెండడుగులు వెనక్కి వేశారు.

నేల మీదినుంచి లేచి దుమ్ము దులుపుకుంటున్న రాజారావు చెవిలో యాదగిరి అడిగాడు. “అన్నా, ఇంతకు ఎవరి పేరు చెప్పబోతుంటివి?”

“అదే ఆలోచిస్తున్న,” అన్నాడు రాజారావు. “ఇంతల తీగ అడ్డమొచ్చింది.”

బాలమణి ఒక పువ్వు తీసి డబ్బా మీద పెట్టింది. “ఊ, చెప్పు బిడ్డా ఉద్వాసన,” అంది. ఫర్హత్ ఆకుపచ్చ బాణం గుర్తు నొక్కింది. తెర కింద చిన్న అక్షరాలు వచ్చాయి.

“ఏమంటాంది?” అంది బాలమణి.

“ఇగ తీస్కపోవచ్చు, ఏం భయం లేదు అంటాంది,” అంది ఫర్హత్. తీగ తీసి, పువ్వుతో సహా డబ్బాను సంచిలో పెట్టుకుని, నాన్న సైకిల్ వెనక కూర్చుంది.